రాయి నీరు త్రాగుతుందా?

ఉదయం ఇంటిల్లిపాది స్నానాలు ముగిసిన తరువాత స్నానాల గది నేలను కాస్త పరిశీలించి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. మెరుగు పెట్టిన నల్ల గ్రానైటు పరచిన చోట నీరు పైనే నిలిచి, కొంతసేపటికి ఆరిపోతుంది. రాయి రంగులో మార్పేమీ ఉండదు. మెరుగు పెట్టని నాపరాయి పరచిన చోట అట్లా కాదు. తడి తగిలినంత మేర బండ నల్లబడుతుంది. పైనున్న నీటిని గుడ్డతో పూర్తిగా తుడిచివేసినా ఆ నలుపు వెంటనే పోదు. అది తడిసిన బండ కాదు, తడిని లోపలికి పుచ్చుకున్న బండ.

నలుపు కనబడటానికి కారణం వెలుతురే. పొడి రాతి ఉపరితలంలో సన్నని గుంటలు, రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో గాలి ఉన్నంతకాలం వాటి మీద పడిన కాంతి నలుదిక్కులకూ చెదరి, చాలా భాగం మన కంటికి తిరిగి వస్తుంది. కనుక రాయి లేత రంగుగా కనబడుతుంది. ఆ గుంటలలో గాలికి బదులు నీరు చేరితే కాంతి చెదరటం తగ్గి, ఎక్కువ భాగం రాతిలోనికి పోయి అక్కడే ఇమిడిపోతుంది. తిరిగి వచ్చే కాంతి తగ్గటమే నలుపు. కాబట్టి తడిసి నల్లబడిన ప్రతి రాయీ తనలో ఖాళీలున్నాయని మనకు చెబుతున్నదన్న మాట.

ఇటీవల రాతి బండలు అమ్మే దుకాణాలలో ఈ ఖాళీలకు విరుగుడుగా ఒక ద్రవం అమ్ముతున్నారు. దానిని 'స్టోన్ సీలర్' అంటారు. ముద్ర వేసి మూసివేసేది అని ఆ పేరుకు అర్థం. ఒకసారి పూస్తే ఇక నీరు దిగదని, మరక పట్టదని, ఏది పోసి కడిగినా రాయి చెక్కుచెదరదని కొందరు నమ్ముతారు. ఈ మూడు నమ్మకాలలో మొదటిది కొంతవరకే నిజం. రెండవది సగం నిజం. మూడవది పూర్తిగా అబద్ధం. మూడవదాన్ని నమ్మిన ఇంట్లో వేల రూపాయలు పోసి పరచిన నేల కొద్ది కాలంలోనే మెరుపు కోల్పోయి గరుకు తేలుతుంది. ఈ పూత ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో తెలియాలంటే మొదట రాతిని గురించి, తరువాత నీటిని గురించి కొంచెం తెలుసుకోవాలి.

రాతిలోని ఖాళీలు

తెలుగు ఇళ్ళలో నేలకు పరిచే రాళ్ళు ముఖ్యంగా రెండు తెగలు. మొదటిది నాపరాయి. తాండూరు బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు ఈ తెగలోనివే. ఇవి సున్నపురాళ్ళు. కోట్ల ఏండ్ల క్రిందట సముద్రాల అడుగున సున్నపు పదార్థం పొరలు పొరలుగా పేరుకొని, పై బరువుకు గట్టిపడి ఏర్పడినవి. పొరలుగా పేరుకున్నవి గనుకనే పలకలుగా చీలతాయి. కడప, కర్నూలు ప్రాంతాలలోని ఈ శిలా వరుసలను భారత భూగర్భ పరిశీలన శాఖకు చెందిన విలియం కింగ్ 1872లోనే వివరంగా వర్ణించాడు. తాండూరు బండలది వేరొక శిలా క్షేత్రం. దానికి భీమానది పేరు పెట్టారు. రాజస్థానంలోని మక్రానా చలువరాయి కూడా మూలంలో సున్నపు పదార్థమే. భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి లోనై స్ఫటికాలు తిరిగి ఏర్పడటం వల్ల అది చలువరాయి అయింది. ఈ రాళ్ళన్నిటిలోనూ ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేటు.

రెండవ తెగ గ్రానైటు. ఇది భూగర్భంలో కరిగి ఉన్న శిలాద్రవం నెమ్మదిగా చల్లారటం వల్ల ఏర్పడినది. చల్లారేటప్పుడు స్ఫటికాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకొని పెరుగుతాయి గనుక మధ్య ఖాళీలు చాలా తక్కువ. ఇందులో సిలికాన్, ఆమ్లజని కలిసిన ఖనిజాలే ఎక్కువ. కాల్షియం కార్బొనేటు ఉండదు. అయితే బజారులో గ్రానైటు అని అమ్మేదంతా భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైటు కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే, నల్లని నేల మీద చుక్కలు మెరిసే 'గెలాక్సీ' రాయి నిజానికి గాబ్రో జాతికి చెందినది. అదీ శిలాద్రవం నుంచి పుట్టినదే గనుక మన ప్రస్తుత విషయానికి రెండూ ఒకే కోవలోనివి.

రాతి మొత్తం పరిమాణంలో ఖాళీల భాగం ఎంతో చెప్పే సంఖ్యను సచ్ఛిద్రత అంటారు. ఛిద్రం అంటే రంధ్రం. దీనిని నేరుగా కొలవటం కష్టం కాబట్టి, రాయి తన బరువులో నూటికి ఎన్ని పాళ్ళు నీరు పీల్చుకొంటుందో కొలిచి చూస్తారు. కట్టడాలలో వాడే రాళ్ళకు అమెరికా ప్రమాణాలు విధించిన పరిమితులు ఇవి: గ్రానైటు 0.40 శాతానికి మించి నీరు పీల్చరాదు, చలువరాయి 0.20 శాతానికి మించరాదు. సున్నపురాయిని సాంద్రతను బట్టి మూడు తరగతులు చేశారు. మిక్కిలి సాంద్రమైనదానికి 3 శాతం, మధ్యరకానికి 7.5 శాతం, తేలికరకానికి 12 శాతం వరకు అనుమతి ఉంది. రాళ్ళన్నీ ఒకటి కావని చెప్పటానికి ఈ అంకెలు చాలు. నాపరాళ్ళలో కూడా ఒక గని రాయికి, మరొక గని రాయికి తేడా ఉంటుంది.

నీరు పైకి ఎందుకు ఎక్కుతుంది?

నీరు పల్లమెరుగు అన్నది అందరికీ తెలిసిన మాట. కాని సన్నని రంధ్రాల దగ్గర నీరు ఆ నియమాన్ని తప్పినట్లు కనబడుతుంది. దీపపు వత్తిలో నూనె పైకి ఎక్కుతుంది. ఇంటి పునాదిలోని తడి గోడ వెంబడి పైకి ప్రాకి సున్నాన్ని ఊడగొడుతుంది. దీనిని కేశాకర్షణ అంటారు. వెంట్రుక వంటి సన్నని గొట్టంలో జరిగేది అని అర్థం.

దీనికి కారణం రెండు ఆకర్షణల మధ్య పోటీ. నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొంటాయి. అందుచేతనే నీటి ఉపరితలం సాగదీసిన పొర వలె బిగువుగా ఉంటుంది. ఆ బిగువును తలతన్యత అంటారు. గది ఉష్ణోగ్రత వద్ద అది సెంటీమీటరుకు సుమారు 72 డైనులు. నీటి అణువులను రాయి కూడా ఆకర్షిస్తుంది. రాతి ఆకర్షణ బలంగా ఉన్నప్పుడు నీరు రంధ్రపు గోడలను అంటిపెట్టుకొని పైకి ప్రాకుతుంది. తలతన్యత చేత మధ్యనున్న నీరు కూడా దానిని అనుసరిస్తుంది.

గొట్టం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్స్ జూరిన్ 1718లో తెలియజేశాడు. శుభ్రమైన గాజు గొట్టం వ్యాసార్ధం 1 మిల్లీమీటరైతే నీరు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కుతుంది. 0.1 మిల్లీమీటరైతే 15 సెంటీమీటర్లు. 0.01 మిల్లీమీటరైతే ఒకటిన్నర మీటర్లు. రాతిలోని రంధ్రాలు చాలావరకు ఇంతకంటె కూడా సన్ననివే. కనుక నేల మీద నిలిచిన పలుచని నీటిపొరను లోనికి లాగటం రాతికి ఏమంత పని కాదు.

నీరు ఒంటరిగా కూడా పోదు. అభ్యంగన స్నానం నాటి నూనె, పసుపు, గోరింటాకు రసం, సబ్బు నురుగు, బోరు నీటిలోని లవణాలు అన్నీ తడితోపాటు రాతిలోనికి చేరతాయి. నీరు ఆవిరై పోతుంది, తక్కినవి పోవు. పసుపులోని రంగు పదార్థం నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుచేత నూనె కలిపిన పసుపు రాతిలోనికి మరింత సులభంగా దిగుతుంది. ఆ మరక మీద సబ్బు తగిలితే క్షారం వల్ల ఎర్రబారుతుంది కూడా. లవణాలది వేరొక దారి. నీరు ఆవిరైనప్పుడు అవి రంధ్రాలలో స్ఫటికాలై పెరిగి, గోడలను నెట్టి, రాతి పై పొరను పెచ్చులుగా ఊడగొడతాయి. ఉప్పు పట్టిన గోడ పొట్టు రాలటం ఇటువంటిదే.

తామరాకు నేర్పే పాఠం

తామరాకు మీది నీటిబొట్టును అందరూ చూచే ఉంటారు. ముత్యం వలె గుండ్రంగా నిలుస్తుంది, ఆకు కాస్త ఒరిగితే దొర్లిపోతుంది, ఆకును తడపదు. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. ఈ కోణానికి, తలతన్యతకు గల సంబంధాన్ని థామస్ యంగ్ 1805లో వివరించాడు. శుభ్రమైన గాజు మీద నీరు పూర్తిగా పరచుకొంటుంది. అక్కడ స్పర్శకోణం సున్నకు దగ్గర. మైనం మీద అది 90 డిగ్రీలను మించుతుంది. తామరాకు మీద 150 డిగ్రీలను మించుతుంది.

ఇక్కడ 90 డిగ్రీలన్నది కీలకమైన సరిహద్దు. స్పర్శకోణం అంతకు తక్కువైతే రంధ్రం నీటిని లోనికి లాగుతుంది. అంతకు మించితే అదే రంధ్రం నీటిని బయటికి నెడుతుంది! రంధ్రం మూసుకోలేదు, సన్నబడనూ లేదు. దాని గోడల స్వభావం మాత్రమే మారింది. మంచి సీలర్ చేసే పని ఇదే. అది రాతికి తలుపు బిగించదు. నీటి మీద రాతికున్న ఆకర్షణను తగ్గిస్తుంది.

అంకెలలో చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. పూత తరువాత స్పర్శకోణం 105 డిగ్రీలు అయిందనుకుందాం. 0.01 మిల్లీమీటరు వ్యాసార్ధం గల రంధ్రంలోనికి నీటిని బలవంతంగా పంపాలంటే పైన దాదాపు 38 సెంటీమీటర్ల లోతు నీరు నిలవాలి. స్నానాల గదిలో అంత నీరు నిలవదు. 0.1 మిల్లీమీటరు రంధ్రానికి 4 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ నీరు చాలు. 1 మిల్లీమీటరు రంధ్రానికి 4 మిల్లీమీటర్ల నీరే చాలు. అంటే కంటికి కనబడని రంధ్రాలను ఈ పూత చక్కగా కాపాడుతుంది; కంటికి కనబడే పగుళ్ళను, బండల మధ్య ఊడిపోయిన సందులను కాపాడలేదు. వాటికి సిమెంటు నింపవలసిందే.

రంధ్రాలు తెరిచే ఉండటం లోపం కాదు, గుణం. ద్రవరూపంలోని నీటికే తలతన్యత వర్తిస్తుంది, ఆవిరికి వర్తించదు. కనుక బండ క్రింది సిమెంటులోని తడి ఆవిరిగా మారి ఆ రంధ్రాల గుండా బయటికి పోగలదు. దీనికి మారుగా మైనం, వార్నీషు, యాక్రిలిక్ వంటివి పైన పొరగా పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. క్రింది తడి పొర అడుగున చిక్కుకొని, తెల్లని మచ్చలుగా తేలుతుంది. లవణాలు అక్కడే పేరుకొంటాయి. చివరకు పొర పొక్కి లేస్తుంది. పైగా నున్నని పొర మీద సబ్బు నీరు పడితే కాలు జారుతుంది. పెద్దవారు మసలే స్నానాల గదిలో ఇది చిన్న విషయం కాదు.

సబ్బు నుండి సిలికోను వరకు

రాతికి, సున్నానికి నీరు పట్టకుండా చేయటం కొత్త ఆలోచన కాదు. మొరాకో దేశపు స్నానశాలలలో 'తదలాక్త్' అనే సున్నపు పూత ఉన్నది. సున్నాన్ని నున్నని గులకరాయితో రుద్ది మెరుగుపెట్టి, పైన ఆలివు నూనె సబ్బును పట్టిస్తారు. సబ్బు సున్నంతో కలిసి నీటిలో కరగని కాల్షియం సబ్బుగా మారి రంధ్రాలలో నిలుస్తుంది. బోరు నీటిలో సబ్బు రుద్దినప్పుడు నురుగు రాక తెల్లని పీచువలె విరిగేది కూడా ఈ కాల్షియం సబ్బే. ఒకచోట బెడద అయినది మరొకచోట రక్షణ అయింది.

నేటి సీలర్లకు మూలం వేరు. నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్ 1899 నుండి దశాబ్దాలపాటు సిలికాన్‌ను కర్బన సమూహాలతో కలిపి అనేక పదార్థాలు తయారుచేశాడు. వాటిలో కొన్ని జిగురు వంటి ముద్దలుగా మిగిలేవి. ఈ శాఖ ముందుకు సాగి గొప్ప ప్రయోజనాలు సాధిస్తుందన్న ఆశ 1937లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయనే వ్యక్తం చేయలేదు. 1940లో అమెరికాలో యూజిన్ రోచో ఆ పదార్థాలకు కావలసిన ముడిసరుకును చవకగా తయారుచేసే మార్గం కనుగొన్నాడు. ఆనాటి జిగురు ముద్దల వంశమే సిలికోనులు.

సీలర్లలో వాడే సైలేను అణువును మూడు చేతులు, ఒక తోక ఉన్న ప్రాణిగా ఊహించుకోవచ్చు. చేతులు గాలిలోని, రాతిలోని కొద్దిపాటి తేమతో చర్య జరిపి, ఆల్కహాలును విడిచి, రాతి ఉపరితలాన్ని పట్టుకొంటాయి. ప్రక్కనున్న అణువుల చేతులనూ పట్టుకొంటాయి. తోక హైడ్రోకార్బన్ గొలుసు. మైనం వలె నీటికి విముఖమైనది. అది రంధ్రపు గోడ నుంచి బయటికి తిరిగి నిలుస్తుంది. ఇట్లా రంధ్రపు గోడలకు అతి పలుచని నీటి విముఖ పొర ఏర్పడుతుంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. చేతులు పట్టుకోవటానికి అనువైన సిలికాన్, ఆమ్లజని బంధాలు గ్రానైటులోను, ఇసుకరాతిలోను, సిమెంటులోను సమృద్ధిగా ఉంటాయి. శుద్ధమైన సున్నపురాతిలో అవి లేవు. కనుక ఒకే సీలర్ ఇసుకరాతి మీద నిలిచినంత కాలం నాపరాతి మీద నిలవకపోవచ్చు. సీసా మీద సున్నపురాయికి పనికివస్తుందని స్పష్టంగా ఉందో లేదో చూచి కొనటం మంచిది.

నూనె సంగతి వేరు. నీటి తలతన్యత 72 డైనులు కాగా వంటనూనెలది 30కి కొంచెం పైన. ఇంత తక్కువ తలతన్యత గల ద్రవం సిలికోను పొరను కూడా తడపగలదు. నూనెను కూడా ఆపటానికి ఫ్లోరిన్ కలిసిన పదార్థాలు వాడుతారు. అయితే ఈ వర్గంలోని కొన్ని పదార్థాలు ప్రకృతిలో నశించక, ప్రాణుల శరీరాలలో చేరుతున్నట్లు తేలటం వల్ల స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం 2009లో ఒకదానిని, 2019లో మరొకదానిని నియంత్రణ జాబితాలో చేర్చింది. నూనె మరక పడిన వెంటనే తుడవటమే చవకైన, నిరపాయమైన పద్ధతి. సీలర్ మరకను శాశ్వతంగా ఆపదు. తుడుచుకోవటానికి మనకు కొంత వ్యవధి ఇస్తుంది.

పూత ఆపలేని శత్రువు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం. బోరు నీటి వాడకం ఉన్న ఇళ్ళలో స్నానాల గది నేల మీద, కుళాయిల చుట్టూ తెల్లని చార కడుతుంది. దానిని వదిలించటానికి యాసిడ్ పోసి చీపురుతో రుద్దటం అనేక ఇళ్ళలో అలవాటు. ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తెల్లని చారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు. నాపరాయీ కాల్షియం కార్బొనేటే! ఆమ్లానికి చార ఏదో, రాయి ఏదో తెలియదు. రెంటినీ సమానంగా తింటుంది. నురుగు పొంగి, బొగ్గుపులుసు వాయువు వెలువడి, రాయి కాల్షియం క్లోరైడుగా మారి నీటిలో కరిగి తూములోనికి పోతుంది. మురికి వదులుతున్నదని ఇంటివారు సంతోషిస్తూ ఉండగా వదులుతున్నది నేలే.

ఎంత నష్టమో లెక్క వేయవచ్చు. 73 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 గ్రాముల కాల్షియం కార్బొనేటును కరిగిస్తుంది. నూటికి 10 పాళ్ళు ఆమ్లం ఉన్న ద్రావణం అర లీటరు తీసుకొంటే అందులో సుమారు 50 గ్రాముల ఆమ్లం ఉంటుంది. అది దాదాపు 68 గ్రాముల రాతిని కరిగించగలదు. ఇది నేల అంతటా సమానంగా పోదు. మెరుగు పెట్టిన పలుచని పై పొరనుంచే పోతుంది. మెరుపు పోయి, గరుకుతేలి, కొత్త రంధ్రాలు తెరుచుకొంటాయి. తరువాత మురికి మునుపటికంటె త్వరగా పడుతుంది. మళ్ళీ యాసిడ్ పోస్తారు. ఈ వలయం నుంచి నేల బయటపడదు.

సీలర్ దీనిని ఆపలేదు. అది రంధ్రాల లోపలి గోడలను కాపాడుతుంది కాని, రాతి పైముఖం ఆమ్లానికి అందుబాటులోనే ఉంటుంది. ఆమ్లం బలమైనదే కానక్కరలేదు. నిమ్మరసం, వినిగరు, ఇత్తడి చెంబు తోమిన చింతపండు గుజ్జు కూడా మెరుగు పెట్టిన నాపరాయి మీద కొంతసేపు ఉంటే వెలిసిన మచ్చ మిగులుతుంది. అది పైన పట్టిన మరక కాదు, రాయి కరిగిన గుర్తు. కనుక కడిగినా పోదు. మళ్ళీ మెరుగు పెట్టించాలి.

గ్రానైటు ఇట్లా నురగలు కక్కి కరగదు. అయినా యాసిడ్ వాడకం అక్కడ కూడా మంచిది కాదు. బండల మధ్య సిమెంటు సందులను అది తింటుంది. మరొక ప్రమాదం ప్రాణాలకు సంబంధించినది. యాసిడ్‌ను, బ్లీచింగు పొడిని లేదా బ్లీచింగు ద్రవాన్ని కలిపి వాడితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తుంది. ఈ రెంటినీ ఒకదాని వెంట ఒకటి కూడా వాడరాదు.

చారకు నిజమైన మందు అది ఏర్పడకుండా చూడటమే. లవణాలు నీటిలో ఉన్నంతసేపు బాధ లేదు. నీరు ఆవిరైనప్పుడే చార మిగులుతుంది. స్నానం ముగిసిన వెంటనే రబ్బరు పట్టీ గల కర్రతో నీటిని తూములోనికి తోసివేస్తే చార చాలావరకు తగ్గుతుంది. ఇది ఒక నిమిషం పని.

పూసే పద్ధతి

సీలర్ వేయాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. శుభ్రమైన పొడి బండ మీద నాలుగైదు చోట్ల ఒక్కొక్క చెంచా నీరు పోసి పది నిమిషాల తరువాత తుడవాలి. నల్లని మచ్చ మిగిలితే రాయి నీరు పీలుస్తున్నట్లు; పూత వల్ల మేలు ఉంటుంది. మచ్చ లేకపోతే పూత అవసరం లేదు. మెరుగు పెట్టిన నల్ల గ్రానైటు చాలావరకు ఇట్టిదే. పీల్చని రాతికి పూసిన సీలర్ లోనికి పోలేక పైనే ఎండి మసకగా కనబడుతుంది.

పూయదలచినప్పుడు నేలను ఆమ్లం లేని మెత్తని సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి రాతి రంధ్రాలలో నీరు ముందే ఉంటుంది గనుక సీలర్‌కు చోటుండదు. వాడుకలో ఉన్న గదిని రెండు మూడు రోజులైనా వాడకుండా గాలి తగలనివ్వటం మేలు. కొత్తగా పరచిన నేలకైతే క్రింది సిమెంటు తడి ఆరటానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపడరాదు. ముందుగా కనబడని ఒక మూల కొంచెం పూసి రంగు మారుతుందేమో చూడాలి.

తరువాత కుంచెతో గాని, మెత్తని గుడ్డతో గాని పలుచగా, సమంగా పట్టించాలి. బండల మధ్య సందులను మరువరాదు. సీసా మీద చెప్పినంతసేపు ఉంచి, ఇంకా తడిగా ఉండగానే మిగిలినదానిని పొడిగుడ్డతో తుడిచివేయాలి. పైన ఎండనిస్తే జిగట మసక మిగులుతుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ రక్షణ అన్న భావన ఇక్కడ చెల్లదు. రంధ్రపు గోడకు కావలసినది పలుచని పొరే. కొన్ని సీలర్లలో మండే ద్రావకాలు ఉంటాయి కనుక కిటికీలు తెరిచి ఉంచాలి. దగ్గరలో దీపం, పొయ్యి ఉండరాదు. చేతికి తొడుగులు వేసుకోవాలి. ఒక రోజు వరకు నీరు తగలనివ్వకూడదు. ఆ తరువాత చెంచా నీటి పరీక్ష మళ్ళీ చేస్తే పూత పట్టినదీ లేనిదీ తెలుస్తుంది. కాలక్రమాన పూత అరిగిపోతుంది. ఎన్నాళ్ళకు మళ్ళీ పూయాలన్నది క్యాలెండరు కాక, ఆ చెంచా నీరే చెప్పాలి.

మరొక మాట. మేడ మీది స్నానాల గది నుంచి క్రింది గది కప్పు చెమ్మగిల్లుతుంటే సీలర్ దానికి విరుగుడు కాదు. బండలు పరచక ముందే వాటి అడుగున నీరు దిగని పొర వేయటం, నేలకు తూము వైపు సరియైన వాలు ఇవ్వటం తాపీమేస్త్రీ పనిలో భాగం. ఆ పని చెడిపోతే పైన ఎన్ని పూతలు పూసినా ప్రయోజనం లేదు.

తరగతి గదిలో

ఈ విషయాలన్నిటినీ పాఠశాలలో తక్కువ ఖర్చుతో చూపించవచ్చు. రాళ్ళు కోసే చోట నాపరాయి, గ్రానైటు, చలువరాయి ముక్కలు ఊరకే దొరుకుతాయి. వాటితోపాటు ఒక ఇటుక ముక్కను తీసుకోవాలి. రెండు రోజులు బాగా ఎండబెట్టి, ఒక్కొక్కదానిని తూచి, రెండు రోజులు నీటిలో నానవేసి, పై తడి తుడిచి మళ్ళీ తూచాలి. ఉదాహరణకు 500 గ్రాముల ముక్క 506 గ్రాములైతే అది పీల్చిన నీరు 1.2 శాతం. నాలుగు ముక్కల అంకెలను పట్టికగా వ్రాస్తే సచ్ఛిద్రత అనే మాట విద్యార్థులకు బరువుగా తోచదు.

రెండు సుద్దముక్కలు తీసుకొని, ఒకదాని క్రింది సగానికి, అడుగు భాగానికి కూడా, కరిగిన కొవ్వొత్తి మైనం పట్టించాలి. రెండింటినీ ఎర్రసిరా కలిపిన నీటిలో కొద్దిగా మునిగేటట్లు నిలబెట్టాలి. మామూలు సుద్దలో ఎరుపు చూస్తుండగానే పైకి ఎక్కుతుంది. మైనం పట్టినదానిలో ఎక్కదు. ఇక ఉపాధ్యాయుని పర్యవేక్షణలో రాతి ముక్కల మీద ఒక్కొక్క చుక్క నిమ్మరసం వేసి, పావుగంట తరువాత కడిగి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. మెరుగు పెట్టిన నాపరాయి మీద వెలిసిన మచ్చ కనబడుతుంది. గ్రానైటు మీద కనబడదు. నాపరాయి ముక్కలలో ఒకదానికి ముందే సీలర్ పూసి ఉంచితే దాని మీద కూడా మచ్చ పడటం చూచి, పూత నీటికే గాని ఆమ్లానికి అడ్డు కాదన్న సంగతిని విద్యార్థులు స్వయంగా గ్రహిస్తారు.

ఆ విద్యార్థి ఇంటికి వెళ్ళి, స్నానాల గది మూలనున్న యాసిడ్ సీసాను, దాని క్రిందనున్న బండను ఒకసారి చూస్తాడు. తన ఇంటి నేల ఏ రాయో అడిగి తెలుసుకొంటాడు. అది నాపరాయి అయితే ఆ సీసాను అక్కడి నుంచి తీసివేయమని ఇంట్లో చెప్పటమే అతడు చేయదగిన మొదటి పని. సీలర్ కొనాలా వద్దా అన్నది ఆ తరువాతి మాట.